గతంలో దెబ్బలు: ఏమీ లేవు

మా అమ్మ ఎడమ రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి నాకు తెలిసేసరికి అది పుట్టి మూడు నెలలైంది. చెప్పింది కూడా అమ్మ కాదు, మా చిన్నమ్మ. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న మా ఊళ్లో ఆ అక్కాచెల్లెళ్ల ఇళ్లు పక్కపక్కనే. అమ్మకు జ్వరం వస్తే చిన్నమ్మ వేడినీళ్లతో ఒళ్లు తుడుస్తూ చూసిందట.

"మీ అమ్మ సన్నుల రాయి లెక్క గడ్డ ఉన్నది బిడ్డా. పైన తోలు లోపటికి గుంజుకపోయింది. ఎప్పటిసంది అని అడిగితే నోరిప్పుతలేదు. నువ్వు జల్దీ రా," అంది ఫోన్లో.

నేను ఖమ్మంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. సెలవు చీటీ రాసి సూపర్నెంటు టేబుల్ మీద పెట్టి కొత్తగూడెం బస్సెక్కాను. దారిపొడవునా భయం కంటే కోపమే ఎక్కువ. మా అమ్మ తంతు మొదటినుంచీ అంతే. కాలికి ముల్లు దిగితే వాడవాడంతా వినపడేలా అరుస్తుంది, అసలు రోగమొస్తే మాత్రం మూడోకంటికి తెలియనివ్వదు. ఈసారి వెళ్లి నాలుగు దులిపెయ్యాలనుకున్నాను.

ఆ కోపం అడుగున ఏముందో నాకు తెలుసు. అప్పటికి ఐదు నెలల కిందట మా చెల్లెలు పోయింది. నాకంటే ఆరేళ్లు చిన్నది. అడవి లోపలి ఆశ్రమ పాఠశాలలో టీచరు. వానాకాలంలో జ్వరం వచ్చింది. పిల్లలకు పరీక్షలు నడుస్తున్నాయని మాత్రలు మింగుతూ నాలుగు రోజులు బడికి వెళ్లింది. ఐదో రోజు భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. ఏడో రోజు తెల్లవారేసరికి లేదు. నాన్న పోయి, నేను పెళ్లయి ఖమ్మం చేరాక అమ్మకు ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే. పెళ్లి మాట ఎత్తితే "నేను పోతే నీకు చాయ్ ఎవరు పెడ్తరే" అని అమ్మను ఆటపట్టించేది. ఐదు నెలల తేడాలో ఇంకొకరిని కూడా పోగొట్టుకోవాలా అన్నదే నా కోపం. ఎవరి మీదో తెలియక అమ్మ మీదికి మళ్లించాను.

నేను వెళ్లేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఏందే, చెప్పకుండ వచ్చినవ్?"

"నువ్వు చెప్పి చేస్తున్నవా అన్నీ? లోపటికి నడువ్. చూపియ్యి," అన్నాను.

చేతికి మిరప ఘాటు ఉందని కడుక్కుని వచ్చింది. మారు మాట్లాడకుండా రవిక హుక్కులు విప్పింది. నేను ముట్టుకుని చూశాను. పెద్ద ఉసిరికాయంత ఉంది. గట్టిగా ఉంది, కదలడం లేదు. పైన చర్మం లోపలినుంచి ఎవరో దారం పెట్టి లాగినట్టు సొట్ట పడింది. నొప్పి లేదట. నొప్పి లేని గడ్డే చెడ్డదని ఎక్కడో విన్నాను.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తె ఏం చేస్తవ్, తీసి పొయ్యిల ఏస్తవా?"

నవ్వించాలని అన్నది కాదు ఆ మాట. తిట్టాలని తెచ్చుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. దవాఖానాకు రానంటే రానంది. ఆ రాత్రి అన్నం ముట్టకుండా కూర్చున్నాను. పొద్దున్నే లేచి చూస్తే సంచి సర్దుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది.

ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానాకు తీసుకెళ్లాను. ముందుగా ఒక ఫారం ఇచ్చారు. ఫారాలు నింపడంలో నా అంతటివాళ్లు మా ఆఫీసులోనే లేరు. జనం తప్పులతడకగా రాసుకొస్తే విసుక్కుంటూ దిద్ది ఇచ్చేదాన్ని నేనే. ఊరు, వయసు, షుగర్ ఉందా, బీపీ ఉందా అన్నవి చకచకా రాసుకుంటూ పోయాను. సంతానం అన్నచోట ఇద్దరు అని రాశాను. దాని కింద గడిలో బతికున్నవారు అని ఉంది. పెన్ను కాసేపు అక్కడే ఆగింది. ఒకరు అని రాసి, పక్కన కూర్చున్న అమ్మకు కనపడకుండా కాగితం తిప్పేశాను.

ఆ కంగారులో తర్వాతి గడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. గతంలో రొమ్ముకు దెబ్బలు, ఆపరేషన్లు అని ఉంది. అమ్మను అడగను కూడా అడగలేదు. ఏమీ లేవు అని రాసి కింద గీత గీశాను. అబద్ధమని తెలిసి రాసింది కాదు. అమ్మకు దెబ్బ తగిలితే నాకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

మిషన్లో పెట్టి ఫోటో తీశారు. బయటికొచ్చి అమ్మ రవిక సర్దుకుంటూ, "రెండు పలకల నడుమ పెట్టి అప్పడం లెక్క ఒత్తిండ్రు, సిగ్గు శరం లేని మిషిని," అంది. లోపలున్న డాక్టరమ్మకు నా వయసే ఉంటుంది. ఫోటోను చాలాసేపు చూసింది. అమ్మను బయట కూర్చోమని నాతో మాట్లాడింది.

"గడ్డ అంచులు బాగాలేవు. చర్మాన్ని లోపలికి లాగుతోంది. చూడ్డానికి మంచి గడ్డలా లేదు. కానీ ఫోటో చూసి తేల్చలేం. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిస్తాను," అంది.

ముక్క తీశారు. రిపోర్టుకు వారం అన్నారు. ఆ వారం అమ్మ మా కిరాయి ఇంట్లోనే ఉంది. నేను కూరలో ఉప్పు మరిచిపోతున్నాను, ఆఫీసులో ఒకరి కాగితం ఇంకొకరి ఫైల్లో పెడుతున్నాను. అమ్మ మాత్రం నిమ్మళంగా ఉంది. కడుపునిండా తింటోంది. మధ్యాహ్నం కునుకు తీస్తోంది. చెల్లెలు పోయాక ఐదు నెలల్లో ఆమెను అంత తేటగా నేను చూడలేదు. సంచిలో చెల్లెలి ఆకుపచ్చ చీర ఒకటి తెచ్చుకుంది, రోజూ దాన్ని విప్పి మళ్లీ మడత పెట్టేది. ధైర్యం చెప్పాల్సిన అవసరం లేదని నేను సంబరపడ్డాను కూడా. నా తెలివి అట్లా ఏడ్చింది.

నాలుగో రోజు చాయ్ తాగుతూ మామూలుగా అంది. "బర్రెను చిన్నమ్మకు ఇచ్చెయ్యి. నన్ను ఈడ కాదు, మన ఊరికే తీస్కపో. చిన్నదాని పక్కన పెట్టుండ్రి, జాగ ఉన్నది, నేను చూసి పెట్టిన."

గ్లాసు నేల మీద పెట్టి అరిచాను. రిపోర్టు రాకముందే పాడె కట్టుకుంటున్నవా అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గేస్తుంది. అమ్మ తాపీగా చాయ్ తాగి గ్లాసు కడిగి బోర్లించింది.

వారం తర్వాత పిలిచారు. ఇద్దరం వెళ్లి కూర్చున్నాం. డాక్టరమ్మ రిపోర్టు విప్పి చెప్పింది.

"క్యాన్సర్ కణాలు కనపడలేదు. కొవ్వు చచ్చిపోయిన ఆనవాళ్లున్నాయి. దీన్ని ఫ్యాట్ నెక్రోసిస్ అంటాం. రొమ్ములో ఎక్కువగా ఉండేది కొవ్వే కదా. గట్టి దెబ్బ తగిలినప్పుడు అక్కడి కొవ్వు నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. దాని చుట్టూ మచ్చ కట్టి గడ్డలా గట్టిపడుతుంది. ఫోటోలో అచ్చం క్యాన్సర్‌లాగే కనపడుతుంది. ప్రాణానికేం ప్రమాదం ఉండదు."

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మ మొహంలో మాత్రం తేట రాలేదు.

"కానీ మీ ఫారంలో దెబ్బలేమీ లేవని ఉంది. దెబ్బ లేకుండా కూడా ఒక్కోసారి వస్తుంది. అయితే ఈ ఫోటో ఇంత అనుమానంగా ఉన్నప్పుడు, కారణం తెలియకుండా వదిలెయ్యాలంటే నాకు ధైర్యం చాలట్లేదు. సూది అసలు చోట పడలేదేమో. గడ్డ మొత్తం కోసి తీసి చూడాలి. అమ్మకు షుగర్ బాగా ఉంది కాబట్టి ఆపరేషన్ కాస్త ఆలోచించాల్సిందే. అందుకే మళ్లీ అడుగుతున్నాను. గుర్తు తెచ్చుకోండమ్మా. ఎక్కడైనా పడ్డారా? బర్రె పొడిచిందా?"

"లేదు మేడమ్," అంది అమ్మ.

"బండి మీదినుంచి పడ్డారా?"

"నేను బండే ఎక్కను మేడమ్."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మీరు కాసేపు బయట ఉండండి," అంది.

లేచాను. తలుపు పూర్తిగా పడలేదు. సందులోంచి ఆమె గొంతు తగ్గించి అడగడం వినపడింది. "ఇంట్లో ఎవరన్నా కొట్టారా అమ్మా? భయపడకండి. నేను ఎవరికీ చెప్పను."

నాకు ఒళ్లు మండింది. ఎంత మాట! మా అమ్మను కొట్టే మొనగాడు పుట్టలేదు. నాన్న ఉన్నన్నాళ్లు ఆమె మీద చెయ్యెత్తలేదు. ఇక ఎవరున్నారు ఇంట్లో, ఎవరు కొడతారు అని బెంచీ మీద కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. ఆ ప్రశ్నకు జవాబు నాలోంచే వచ్చింది. కొట్టింది నేనే.

చెల్లెలిని తెచ్చి వాకిట్లో పడుకోబెట్టిన పొద్దది. మా ఊళ్లో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది మా అమ్మే. పోయిన మనిషి ఏం తినేది, ఎట్లా నవ్వేది, ఎవరిని ఏమని పిలిచేది, అన్నీ వరసపెట్టి పాడుతూ ఏడ్చేది. అమ్మ గొంతెత్తితే పగవాళ్లు కూడా కండ్లు ఒత్తుకునేవాళ్లు. అట్లాంటి మనిషి సొంత బిడ్డ దగ్గర కూర్చుని నోరు తెరవలేదు. కంట్లో చుక్క లేదు. చెల్లెలి కాలివేళ్ల వైపు చూస్తూ కూర్చుంది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పిలిస్తే పలకదు, నీళ్లిస్తే మింగదు. వచ్చినవాళ్లు చెల్లెలిని వదిలేసి అమ్మను చూడడం మొదలుపెట్టారు.

మా మేనత్త అందరికంటే పెద్దది. ఆమె లేచి అంది. "మరదలు గిట్లనే ఉంటే గుండె ఆగిపోతది. ఇంట్లకెల్లి రెండు పీనిగలు లేస్తయ్. ఏడిపియ్యుండ్రే."

ఏడవని మనిషిని ఏడిపించడం మా దగ్గర ఆడవాళ్ల పని. ముందు పోయినవాళ్ల గురించి చెప్తారు. అప్పటికీ కాకపోతే భుజాలు పట్టి కుదుపుతారు. అప్పటికీ కాకపోతే ఆమె చేతులతోనే ఆమె రొమ్ము మీద కొట్టిస్తారు. చెప్పారు, కుదిపారు, ఏమీ కాలేదు. అత్త నావైపు చూసింది. "నువ్వు కడుపున పుట్టినదానివి బిడ్డా. నువ్వు పట్టు."

నేను అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆమె రెండు మణికట్లు పట్టుకున్నాను. పిడికిళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ పిడికిళ్లతోనే ఆమెను కొట్టాను. ఏడ్వే అమ్మా, ఏడ్వే, చిన్నది పోయింది, ఇగ రాదు, ఏడ్వే అని అరుస్తూ కొట్టాను. ఎన్నిసార్లో తెలియదు. ఒక దశలో ఆమె చేతులు జారిపోయాయి, అయినా నా చేతులు ఆగలేదు. అమ్మ కూడా పోతుందన్న భయంతో కొట్టాను, చెల్లెలు పోయిన కసితో కూడా కొట్టాను. అది ఇప్పుడు దాచి లాభం లేదు. చివరికి అమ్మ గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. వాకిట్లో ఆడవాళ్లంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఇగ బతుకుతది అంది అత్త. నా వీపు మీద ఎవరో చెయ్యి వేసి, మంచిపని చేసినవ్ బిడ్డా అన్నారు.

పదకొండో రోజు స్నానం చేయిస్తుంటే చూశాను. ఎడమ రొమ్ము మీద అరచేయంత మేర నేరేడుపండు రంగులో కమిలి ఉంది. చిన్నమ్మ పసుపు, నూనె రాసింది. చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్లందరికీ ఒంటి మీద కమిలిన మచ్చలుంటాయి. ఎవరూ పట్టించుకోరు. చావింట్లో తగిలినదాన్ని మా దగ్గర దెబ్బల్లో కలపరు. పోయినవాళ్లకు ఇచ్చిన మర్యాదలో కలుపుతారు. అందుకే ఫారంలో ఆ గడి దగ్గర అది నాకు తట్టలేదు. బెంచీ మీద కూర్చున్న ఆ నిమిషం దాకా తట్టలేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. డాక్టరమ్మ విసుగ్గా తలెత్తింది.

"కొట్టింది నేనే మేడమ్," అన్నాను. నిలబడే మొత్తం చెప్పాను. చెల్లెలి సంగతి, శోకం సంగతి, పిడికిళ్ల సంగతి. ఫారంలో రాసింది తప్పని చెప్పాను. మాటలు ఎక్కడ మొదలయ్యాయో ఎక్కడ ఆగాయో నాకు సరిగ్గా గుర్తులేదు. అమ్మ వైపు చూసే ధైర్యం లేక టేబుల్ మీది రిపోర్టు వైపే చూస్తూ చెప్పాను.

అమ్మే ముందు నోరు తెరిచింది.

"ఆమె కొట్టలే మేడమ్. ఏడిపిచ్చింది," అంది.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. అమ్మను మళ్లీ పడుకోబెట్టి, పిడికిలి ఎక్కడ పడిందో నన్ను చూపించమంది. వేలు పెట్టి చూపించాను. గడ్డ సరిగ్గా దాని కిందే ఉంది. ఫోటోలు తీసినాయనతో ఫోన్లో పావుగంట మాట్లాడింది. తర్వాత కూర్చోమని చెప్పింది.

"ఇప్పుడు అన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. ఆపరేషన్ అక్కర్లేదు. ఆరు నెలలకు మళ్లీ ఫోటో తీసి చూద్దాం. ఈలోపు పెరిగినట్టు అనిపిస్తే వెంటనే రండి."

"మందు?" అన్నాను.

"మందేమీ లేదు. కొందరికి మెల్లగా తగ్గుతుంది. కొందరికి అలాగే ఉండిపోతుంది."

బయటికొచ్చాం. ఎండ మండిపోతోంది. రోడ్డు పక్కన మజ్జిగ బండి దగ్గర నీడ ఉంటే అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి గ్లాసు మజ్జిగ చెప్పాను. చిన్నమ్మకు ఫోన్ చేసి క్యాన్సర్ కాదట అని చెప్పాను. అవతల చిన్నమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. ఇటు తిరిగితే అమ్మ గ్లాసు ముట్టలేదు. వారం రోజులు నేను చూసిన తేట మొహం పోయింది. చెల్లెలి కాలివేళ్లను చూస్తూ కూర్చున్న నాటి మొహం మళ్లీ వచ్చింది.

"ఏమైందమ్మా? మంచి మాటే చెప్పింది గదా."

"అవ్, మంచిదే."

"నామీద కోపమా?"

తల అడ్డంగా ఊపింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని మెల్లగా అంది. "గడ్డ చేతికి తగిలిన దినం సంబరపడ్డ బిడ్డా. చిన్నదాని తానకు పోతున్న అనుకున్న. ఎవ్వరికి తెల్వద్దు, తెలిస్తే ఆపుతరు అని దాసిన. ఈ వారం దినాలు రోజులు లెక్కపెట్టుకున్న. ఆ డాక్టరమ్మేమో కోసుడు లేదు, మందు లేదు అనె."

నాకు ముందు దుఃఖం రాలేదు. కోపమే వచ్చింది. చచ్చిపోయిన చెల్లెలి మీద అసూయ పుట్టింది. ఐదు నెలలుగా వారం వారం బస్సెక్కి ఊరికి వెళ్తున్నాను, పచ్చళ్లు పడుతున్నాను, ఫోన్లు చేస్తున్నాను. ఆమె చూపు మాత్రం నన్ను దాటి ఆ మట్టి దిబ్బ దగ్గరే ఉంది. ఫారంలో బతికున్నవారు ఒకరు అని రాసిన చెయ్యి నాదే. ఆ ఒకరు అమ్మకు చాలలేదు.

"మరి నేను?" అన్నాను. నడివయసు మనిషిని, రోడ్డు మీద నిలబడి చంటిపిల్లలా అడిగాను.

అమ్మ నావైపు తలెత్తి చూసింది. ఎండకు కళ్లు చికిలించింది.

"నువ్వు ఆ రాత్రి అన్నం తినకపోతివి గదనే," అంది. "అందుకే వచ్చిన. లేకుంటే దవాఖానకు రాకపోదును."

నేను రోడ్డు మీదనే ఆమె పక్కన చతికిలబడ్డాను. అమ్మ తన గ్లాసు నా చేతిలో పెట్టి, తాగు, పొద్దటిసంది ఏం తినలే నువ్వు అంది.